హాస్కెల్ నుంచి లాప్యాక్‌ని పిలవడం ఎలా: 2 × 2 లెక్క ఒకటి పట్టుకుని చివరిదాకా

సమీకరణాల గుంపు ఒకటి సాధించాలి, ప్రోగ్రామేమో హాస్కెల్‌లో ఉంది. ఇంటర్ ఫస్టియర్‌లో చేసిన గాస్-జోర్డాన్ పద్ధతి ఎలాగూ గుర్తుంది కాబట్టి లిస్టుల మీద రికర్షన్ పెట్టి ఇరవై లైన్లలో రాసేద్దాం అనిపిస్తుంది. సరదాకి రాసుకోండి, తప్పులేదు. పనికి మాత్రం వాడకండి. 64 బిట్ మెషీన్‌లో హాస్కెల్ లిస్టులో ఉన్న ఒక్కో డబుల్ 40 బైట్లు తింటుంది (లిస్టు గడికి మూడు వర్డ్‌లు, డబుల్‌ని పెట్టిన డబ్బాకి ఇంకో రెండు), అందులో అసలు సంఖ్య 8 బైట్లే. పైగా పివటింగ్ (భాగించే ముందు పెద్ద సంఖ్య ఉన్న అడ్డు వరుసను పైకి తేవడం) సరిగ్గా చేయకపోతే పుస్తకంలో లెక్కలన్నీ చక్కగా వస్తాయి, నిజమైన డేటా తగిలాక జవాబులు ఎటో పోతాయి.

ఈ పనంతా ఫోర్ట్రాన్‌లో ఎప్పుడో చేసిపెట్టారు. వెక్టర్లు, మ్యాట్రిక్స్‌ల మీద మౌలిక లెక్కలు చేసే బ్లాస్ మొదటి విడత 1979లో వచ్చింది, దాని మీద కట్టిన, సమీకరణాలు, ఐగెన్ విలువలు లాంటివి సాధించే లాప్యాక్ 1992లో. నంపై, ఆర్, మ్యాట్‌ల్యాబ్, జూలియా, ఏది విప్పి చూసినా అడుగున ఇవే ఉంటాయి. మనం కూడా వాటినే పిలుచుకుందాం.

మీకు కావాల్సింది కేవలం సమీకరణాలు సాధించడమే అయితే ఇక్కడితో ఆపేసి అల్బెర్తో రూయిజ్ రాసిన హెచ్‌మ్యాట్రిక్స్ వేసుకోండి, సుఖం. హాస్కెల్ లాంటిదే ఇంకో భాష ఓకామెల్, ఆ వాళ్లకి మార్కస్ మాట్ల్ రాసిన లకామెల్ ఉంది. ఆ లైబ్రరీల్లో లేని రొటీన్ కావాలన్నా, మెమొరీ మన చేతిలోనే ఉండాలన్నా, లేదా ఎవరో రాసిన బైండింగ్ (వేరే భాష లైబ్రరీని పిలిచే పొర) తప్పు జవాబులిస్తుంటే ఎందుకో వెతకాలన్నా మిగతాది చదవండి.

ఫంక్షన్‌ని పిలవడం నిజానికి అరగంట పని. మిగతా టైమంతా ఒకే ప్రశ్న చుట్టూ తిరుగుతుంది: ఈ మెమొరీ ఎవరిది, దీని మీద ఎవరు రాస్తారు, ఎంతసేపు? హాస్కెల్‌లో మామూలుగా టైప్ తప్పైతే కంపైలర్ అడుగు ముందుకు వేయనివ్వదు. ఈ సరిహద్దు దగ్గర మాత్రం మీరు ఏ టైప్ రాసిస్తే దాన్నే నమ్మేస్తుంది, అవతల లైబ్రరీలో నిజంగా ఏముందో వెళ్లి చూసి రాదు. మీరు అబద్ధం రాస్తే అదీ అబద్ధమే ఆడుతుంది.

(పేర్లన్నీ పలికినట్టు తెలుగులోనే రాస్తున్నా, ఎడిటర్‌లో కొట్టేటప్పుడు ఎలా కొట్టాలో మీకు తెలుసు.)

ముందు పేరు విడదీయండి

మనం పిలవబోయేది డీజీఈఎస్‌వీ. ఫోర్ట్రాన్ 77లో పేరుకి ఆరు అక్షరాలే హద్దు కాబట్టి అన్నీ ఇలా కుదించేశారు. మొదటి అక్షరం డి అంటే డబుల్, జీఈ అంటే ప్రత్యేకత ఏమీ లేని మామూలు మ్యాట్రిక్స్, ఎస్‌వీ అంటే సాల్వ్. ఈ పద్ధతి పట్టుబడితే డీఎస్‌వైఈవీ అని కనబడగానే సిమెట్రిక్ మ్యాట్రిక్స్‌కి ఐగెన్ విలువలు అని చదివేస్తారు.

దీనికి ఎనిమిది ఆర్గ్యుమెంట్లు: మ్యాట్రిక్స్ సైజు, కుడివైపు ఎన్ని నిలువు వరుసలు, మ్యాట్రిక్స్ ఏ, దాని లీడింగ్ డైమెన్షన్ (అంటే మెమొరీలో ఒక నిలువు వరుస మొదలు నుంచి తర్వాతి దాని మొదలుకి ఎంత దూరం), పివట్ల పట్టీ, కుడివైపు విలువలున్న బి, దాని లీడింగ్ డైమెన్షన్, ఆఖర్న పని అయిందో లేదో చెప్పే ఇన్ఫో. ఫోర్ట్రాన్‌కి అన్నీ అడ్రసుల రూపంలోనే ఇవ్వాలి, ఒక్క పూర్ణాంకం పంపాలన్నా సరే. కాబట్టి మన టైప్‌లో ఎనిమిదీ పాయింటర్లే, తిరిగొచ్చేది ఖాళీ ఐఓ. జీఫోర్ట్రాన్‌తో కట్టిన లైబ్రరీలో పేరు చివర అండర్‌స్కోర్ తగులుకుంటుంది, కాబట్టి ఫారిన్ ఇంపోర్ట్ సీకాల్ లైన్లో కోట్స్ మధ్య అండర్‌స్కోర్‌తో సహా రాసి, హాస్కెల్ వైపు మీకు నచ్చిన పేరు పెట్టుకోండి.

నిలువా, అడ్డమా

ఈ లెక్క తీసుకోండి. 2ఎక్స్ + వై = 5, 4ఎక్స్ + 3వై = 11. జవాబు ఎక్స్ = 2, వై = 1, నోటితో చేసేయొచ్చు.

మనం చదివే అలవాటు ప్రకారం ఈ మ్యాట్రిక్స్‌ని మెమొరీలో 2, 1, 4, 3 అని పేరుస్తాం, అడ్డు వరుస తర్వాత అడ్డు వరుస. ఫోర్ట్రాన్ నిలువుగా చదువుతుంది, దానికి 2, 4, 1, 3 కావాలి. మీరు అడ్డంగా పేర్చి పంపితే ఏ ఎర్రరూ రాదు, ఇన్ఫో కూడా హాయిగా 0 అనే వస్తుంది, జవాబు మాత్రం ఎక్స్ = -14.5, వై = 8.5. అది అడ్డాన్ని నిలువుగా తిరగేసిన మ్యాట్రిక్స్‌కి సరైన జవాబే, మీ ప్రశ్నకి కాదు. బైండింగ్ రాసేవాళ్లలో చాలామంది దీన్ని ఐడెంటిటీ మ్యాట్రిక్స్ పెట్టి పరీక్షించి "పనిచేస్తోంది" అనుకుంటారు. ఐడెంటిటీని, సిమెట్రిక్‌ని తిరగేసినా అవే కదా, ఇంక తప్పెక్కడ కనబడుతుంది. మొదటి టెస్టుకి సిమెట్రీ లేని మ్యాట్రిక్సే పెట్టుకోండి.

నా సలహా అయితే మీ సొంత మ్యాట్రిక్స్ టైప్‌ని మొదట్నుంచీ నిలువు పేర్పుతోనే కట్టుకోండి. లాప్యాక్‌కి సీ వాళ్ల కోసం లాప్యాకీ అనే పొర ఉంది, 101 అని చెబితే అడ్డు పేర్పు కూడా తీసుకుంటుంది, కానీ లోపల అది కొత్త మెమొరీ తీసుకుని తిరగేసి, పనయ్యాక మళ్లీ తిరగేసి ఇస్తుంది. 102 చెప్పి నిలువుగా ఇస్తే ఆ గొడవ లేదు. గుణకారం ఒక్కదానికి మాత్రం చిట్కా ఉంది: అడ్డు పేర్పులో ఉన్న ఏ, బీలను డీజెమ్‌కి (మ్యాట్రిక్స్‌లు గుణించే బ్లాస్ రొటీన్) క్రమం మార్చి బి, ఏ అని ఇస్తే (సైజులు కూడా తదనుగుణంగా మార్చాలి) వచ్చే ఫలితం అడ్డు పేర్పులో మనక్కావాల్సిన ఏబీనే అవుతుంది, కాపీ ఏమీ లేకుండా.

ఇంట్ కాదు, సీఇంట్

ఇక్కడ నావి రెండు రోజులు పోయాయి కాబట్టి కొంచెం నెమ్మదిగా చెబుతా.

పైన లెక్క అయిపోయాక డీజీఈఎస్‌వీ మీ ఏని అలాగే ఉంచదు. దాని మీదే ఎల్ (కింది త్రికోణం), యూ (పై త్రికోణం) ముక్కలు రాసేస్తుంది. మన ఉదాహరణలో 2, 4, 1, 3 పంపితే తిరిగొచ్చేసరికి అక్కడ 4, 0.5, 3, -0.5 ఉంటాయి. మొదటి నిలువు వరుసలో పెద్దది 4 కాబట్టి రెండో అడ్డు వరుసను పైకి తెచ్చింది, ఆ సంగతి పివట్ల పట్టీలో 2, 2 అని రాసిపెట్టింది. అంటే ఒకటో వరుసను రెండో దానితో మార్చాను, రెండో దాన్ని దానితోనే ఉంచాను అని (లెక్క 1 నుంచి మొదలు, మనలాగా 0 నుంచి కాదు). నిర్ధారకం కావాలంటే వికర్ణం మీదివి గుణించి, ఒక్కో మార్పుకి ఒకసారి గుర్తు తిప్పాలి: 4 × -0.5 = -2, మార్పు ఒకటే కాబట్టి 2.

నాకు -2 వచ్చింది. ఎక్స్, వై విలువలు మాత్రం కరెక్టుగానే ఉన్నాయి. గుర్తు తప్పిందంటే నా ఫోల్డ్‌లోనే ఏదో మైనస్ పోయింది అనుకుని ఆ నాలుగు లైన్లూ ఎన్నిసార్లు తిరగరాశానో. చివరికి విసుగొచ్చి పివట్ల పట్టీని ప్రింట్ చేస్తే మొదటి సంఖ్య 8589934594 అని ఉంది. దాన్ని హెక్సాలో చూస్తే 2, తర్వాత ఏడు సున్నాలు, మళ్లీ 2. అప్పుడు అర్థమైంది. టైప్‌లో సీఇంట్ రాయాల్సిన చోట హాస్కెల్ ఇంట్ రాశాను. ఇంట్ 64 బిట్లు, మామూలుగా కట్టిన లాప్యాక్‌లో పూర్ణాంకం 32 బిట్లు. రెండు పివట్లూ కలిసి నా కంటికి ఒకే పెద్ద సంఖ్యగా కనబడ్డాయి, రెండో గడిలో చెత్త. రెండూ స్థానంతో సరిపోలలేదు కాబట్టి రెండు మార్పులని లెక్కేసి గుర్తు రెండుసార్లు తిప్పేసింది.

మరి సైజు ఎలా సరిగ్గా వెళ్లింది? మన మెషీన్లు లిటిల్ ఎండియన్ (సంఖ్యలో చిన్న విలువ ఉన్న బైట్‌ని ముందు పెట్టేవి) కాబట్టి. 64 బిట్ల 2 లో మొదటి నాలుగు బైట్లు చదివినా 2 నే వస్తుంది. అంటే తప్పు రాసినా సగం చోట్ల పనిచేస్తుంది, అదే అసలు ప్రమాదం. ఎనిమిది ఆర్గ్యుమెంట్లలో పూర్ణాంకాలన్నిటికీ సీఇంట్, సంఖ్యలకి సీడబుల్, ఇంకేదీ వద్దు. దీనికి వ్యతిరేకం కూడా ఉంది: 64 బిట్ పూర్ణాంకాలతో కట్టిన లైబ్రరీలు ఉంటాయి, వాటికి సీఇంట్ ఇస్తే పక్కనున్న నాలుగు బైట్లు కూడా కలిపి చదివేస్తుంది. మీరు ఏ రకం లింక్ చేస్తున్నారో ముందే చూసుకోండి.

మీద రాసేసే ఫంక్షన్, మారకూడని డేటా

లాప్యాక్ మనమిచ్చిన ఏ, బి రెంటి మీదా రాస్తుంది. హాస్కెల్‌లో విలువ మారకూడదు. రాజీ సింపుల్: ముందు కాపీ తీయండి, కాపీని అప్పగించండి, అది పాడైనా మనకి బాధ లేదు. కాపీ అంటే టెన్షన్ పడేవాళ్లు ఒకసారి లెక్కేసుకోండి. 1000 × 1000 మ్యాట్రిక్స్ అంటే 10 లక్షల సంఖ్యలు, 8 ఎంబీ. దాన్ని ఎల్, యూలుగా విడగొట్టడానికి అయ్యే ఆపరేషన్లు సుమారు 67 కోట్లు. ఆ పక్కన ఈ కాపీ ఎంత. చిన్న చిన్న వెక్టర్ల మీద లూపులో లక్షసార్లు పిలిచే డాట్ ప్రోడక్ట్ లాంటివైతే వేరే కథ, వాటికి కాపీ అసలు అక్కర్లేదు కూడా, అవి ఇన్‌పుట్‌ని ముట్టుకోవు.

బఫర్‌ని మ్యాలక్‌ఫారిన్‌పాయింటర్‌అర్రేతో తీసుకోండి. అది ఇచ్చే మెమొరీని చెత్త ఏరే జీసీ పక్కకి జరపదు, పని పూర్తయ్యాక విడుదల సంగతి కూడా అదే చూసుకుంటుంది. స్టోరబుల్ వెక్టర్లు వాడితే లోపల ఉండేది ఇదే. మామూలు అన్‌బాక్స్‌డ్ వెక్టర్ల అడ్రసు ఇలా బయటికి ఇవ్వలేరు, మధ్యలో జీసీ నడిస్తే ఆ డేటా ఇంకో చోటికి వెళ్లిపోవచ్చు, ఫోర్ట్రాన్ పాత అడ్రసులోనే రాస్తూ కూర్చుంటుంది. ఓకామెల్‌లో ఇదే కారణానికి బిగ్‌అర్రే వాడతారు, దానికి ఫోర్ట్రాన్ లేఅవుట్ అని నిలువు పేర్పు కూడా ముందే ఉంది, ఈ విషయంలో వాళ్లది మనకన్నా హాయి.

విత్‌ఫారిన్‌పాయింటర్ బ్లాక్‌లో దొరికిన పాయింటర్‌ని ఆ బ్లాక్ దాటి బయటికి తీసుకురావద్దు. బ్లాక్ అయిపోయాక ఆ మెమొరీ ఇంకా అవసరమని జీసీకి చెప్పేవాళ్లు ఎవరూ ఉండరు. తెచ్చినా చాలాసార్లు పనిచేస్తుంది, లోడ్ పెరిగిన రోజున పడిపోతుంది.

కాపీ తీయడం, బఫర్లు, పిలుపు, ఇన్ఫో చదవడం అంతా ఒకే ఐఓ బ్లాక్‌లో పెట్టి, మొత్తానికి ఒక్కసారే అన్‌సేఫ్‌పెర్ఫార్మ్‌ఐఓ చుట్టండి. బయటినుంచి చూస్తే అదే ఇన్‌పుట్‌కి అదే జవాబు, కాబట్టి నిజాయితీగానే ప్యూర్ ఫంక్షన్. కొందరు "కొత్త బఫర్ ఇవ్వు" అనే ముక్కను విడిగా అన్‌సేఫ్‌పెర్ఫార్మ్‌ఐఓలో పెట్టేస్తారు. రెండు చోట్ల ఒకే ఎక్స్‌ప్రెషన్ కనబడితే కంపైలర్ రెంటినీ ఒకటి చేసేయొచ్చు, దానికి అవి ఒకే విలువ. అప్పుడు ఏకి, బికి ఒకే బఫర్ వస్తుంది, డీబగ్గర్ ముందు కూర్చుని ఏడవడమే.

సేఫ్ అంటే సేఫ్ కాదు, అన్‌సేఫ్ అంటే అంత ప్రమాదమూ కాదు

ఇంపోర్ట్ లైన్లో సేఫ్, అన్‌సేఫ్ అని రెండు మాటలుంటాయి, ఏదీ రాయకపోతే సేఫ్ అనే తీసుకుంటుంది. అన్‌సేఫ్ పిలుపు చవక, కానీ అది తిరిగొచ్చేదాకా ఆ థ్రెడ్ జీసీకి అందదు, ఈలోపు ఎక్కడైనా జీసీ మొదలవ్వాలంటే అందరూ ఆగి దీని కోసం ఎదురుచూడాలి. ఒక చిన్న సర్వర్‌లో 4000 × 4000 మ్యాట్రిక్స్ విడగొట్టే పిలుపుకి నేను అన్‌సేఫ్ పెట్టాను, ఏదో ట్యుటోరియల్‌లో అలా ఉందని. అంటే 4,200 కోట్లకు పైగా ఆపరేషన్లు అయ్యేదాకా సర్వర్ మొత్తం నోరు మూసుకునేది, "బతికే ఉన్నావా" అని అడిగే హెల్త్ చెక్‌కి కూడా జవాబు లేదు, దాన్ని చూస్తూ కూర్చున్న స్క్రిప్ట్ ఇది చచ్చిపోయిందనుకుని రీస్టార్ట్ కొట్టేది, మళ్లీ మొదట్నుంచి లెక్క.

వెక్టర్ మీద ఒకసారి నడిచి అయిపోయే చిన్న పనులకి అన్‌సేఫ్, మ్యాట్రిక్స్ విడగొట్టడం, గుణించడం లాంటివాటికి సేఫ్. ప్రోగ్రామ్‌ని థ్రెడెడ్ అనే ఆప్షన్‌తో కట్టకపోతే సేఫ్ పెట్టినా మిగతా థ్రెడ్లు కదలవు, అది మర్చిపోకండి.

ఇన్ఫో ఏం చెబుతుంది, ఏం చెప్పదు

0 అంటే పని అయింది. మైనస్ 4 అంటే నాలుగో ఆర్గ్యుమెంట్ తప్పు. ప్లస్ 2 అంటే యూ వికర్ణంలో రెండోది సరిగ్గా సున్నా, భాగించలేను అని. అడ్డు వరుసలు 1, 2 ఒకటీ, 2, 4 ఒకటీ ఉన్న మ్యాట్రిక్స్ ఇచ్చి చూడండి, 2 వస్తుంది. దీన్ని ఎక్సెప్షన్‌గా కాకుండా ఈదర్‌గా (తప్పో, జవాబో ఏదో ఒకటి ఉండే టైప్) బయటికి ఇస్తే వాడేవాళ్లకి మంచిది.

మైనస్ సంఖ్యల్ని మాత్రం నమ్ముకుని కూర్చోవద్దు. తప్పు ఆర్గ్యుమెంట్ కనబడితే లాప్యాక్ ఎక్సెర్బ్లా అనే రొటీన్‌ని పిలుస్తుంది, మూల లాప్యాక్‌లో అది మెసేజ్ ప్రింట్ చేసి ప్రోగ్రామ్‌నే ఆపేస్తుంది. హాస్కెల్‌లో ఎన్ని క్యాచ్‌లు పెట్టినా అందదు, ప్రాసెసే పోయాక పట్టుకునేదేముంది. సైజులు సరిపోయాయో లేదో పిలవకముందే హాస్కెల్ వైపు చూసుకోండి.

ఇంకోటి. 1 నుంచి 9 వరకు వరుసగా పేర్చిన 3 × 3 మ్యాట్రిక్స్‌కి విలోమం లేదని ఇంటర్ పిల్లలు కూడా చెబుతారు. లాప్యాక్‌కి ఇస్తే రౌండింగ్ వల్ల చాలాచోట్ల వికర్ణంలో అసలు సున్నా రాదు, అతి చిన్న సంఖ్య ఏదో మిగులుతుంది, ఇన్ఫో 0, జవాబు చెత్త. దీన్ని పట్టుకోవాలంటే డీజీఈకాన్‌తో కండిషన్ నంబర్ (మ్యాట్రిక్స్ విలోమం లేని స్థితికి ఎంత దగ్గరగా ఉందో చెప్పేది) అంచనా తీసుకోవాలి. దానికి అసలు ఏ తాలూకు నార్మ్ (అది ఎంత పెద్దదో చెప్పే సంఖ్య) కావాలి, డీజీఈఎస్‌వీ దాన్ని చెరిపేయకముందే లెక్కేసి పక్కన పెట్టుకోండి.

కొన్ని రొటీన్ల ప్రత్యేక పేచీలు

డీజీఈఎస్‌వీకి అక్షరాల ఆర్గ్యుమెంట్లు లేవు కాబట్టే దానితో మొదలుపెట్టాను. డీఎస్‌వైఈవీ లాంటివి పై త్రికోణమా, కింద త్రికోణమా అని ఒక అక్షరం అడుగుతాయి, అలాంటి ఒక్కో అక్షరానికీ జీఫోర్ట్రాన్ చివర్న కనబడని పొడవు ఆర్గ్యుమెంట్ ఒకటి ఆశిస్తుంది. ఏళ్ల తరబడి జనం అవి పంపకుండానే నెట్టుకొచ్చారు, 2019లో జీఫోర్ట్రాన్ ఆప్టిమైజేషన్ ఒకటి దీన్ని బయటపెట్టింది, ఆర్ భాష వాళ్లకి గట్టిగా తగిలింది. ఇలాంటివాటికి లాప్యాకీ పొరనే పిలవండి. వర్క్‌స్పేస్ ఎంత కావాలో ముందు మైనస్ 1 పంపి అడిగి, ఆ సైజు బఫర్ తీసుకుని, మళ్లీ పిలిచే తతంగం కూడా అది చూసుకుంటుంది. కాంప్లెక్స్ సంఖ్యని తిరిగిచ్చే డాట్ ప్రోడక్ట్‌లని ఫోర్ట్రాన్ పేరుతో అసలు పిలవద్దు, అది ఎలా తిరిగొస్తుందో కంపైలర్‌ని బట్టి మారుతుంది. బ్లాస్‌కి సీ పొర అయిన సీబ్లాస్‌లో చివర సబ్ అని ఉన్న రూపం జవాబుని పాయింటర్‌లో పెడుతుంది, అది వాడండి.

లింక్ చేయడం, థ్రెడ్లు, టెస్టులు

ఉబుంటూలో, డెబియన్‌లో లిబ్‌ఓపెన్‌బ్లాస్-డెవ్ (ఓపెన్‌బ్లాస్ అనే బ్లాస్ రూపం) వేసుకుని కబాల్ ఫైల్లో ఎక్స్‌ట్రా లైబ్రరీస్ దగ్గర ఓపెన్‌బ్లాస్ అని రాస్తే సరిపోతుంది, లాప్యాక్ మామూలుగా దాంట్లోనే ఉంటుంది. లింకర్ ఫలానా పేరు దొరకలేదంటే ముందు అండర్‌స్కోర్ చూడండి.

ఓపెన్‌బ్లాస్ తన సొంత థ్రెడ్లు తెరుస్తుంది. మీరు హాస్కెల్ వైపు కూడా ఎనిమిది కోర్ల మీద ఎనిమిది పిలుపులు ఒకేసారి పంపితే ఎనిమిదెనిమిదులు అరవై నాలుగు థ్రెడ్లు తోసుకుంటాయి, సమాంతరంగా చేసింది ఒక్కోటి చేసిన దానికన్నా నిదానం అవుతుంది. ఓపెన్‌బ్లాస్ నమ్ థ్రెడ్స్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌ని 1 చేసి కొలిచి చూడండి.

ఇన్‌పుట్లు తానే పుట్టించి పరీక్షించే క్విక్‌చెక్‌తో టెస్టులు రాసేటప్పుడు సిమెట్రీ లేనివి, గుణకారం లాంటివాటికైతే 3 × 2 లాంటి నలుచదరం కానివి తప్పనిసరిగా రానివ్వండి. జవాబుని జవాబుతో పోల్చకుండా ఏఎక్స్ నుంచి బి తీసేసి, మిగిలిన దాని నార్మ్‌ని ఏ నార్మ్, ఎక్స్ నార్మ్‌లతో భాగించి, అది డబుల్ కచ్చితత్వపు హద్దు అయిన 2.2 × 10⁻¹⁶ని సైజుతో గుణించిన దాని చుట్టుపక్కల ఉందో లేదో చూడండి. సమానం గుర్తుతో పోల్చారో, ఇవాళ పాసైన టెస్టు రేపు ఓపెన్‌బ్లాస్ బదులు ఇంటెల్ వాళ్ల ఎంకేఎల్ లింక్ చేయగానే ఆఖరి అంకె దగ్గర ఫెయిలవుతుంది. అంత దాకా ఎందుకు, అదే లైబ్రరీ థ్రెడ్ల సంఖ్య మారినా కూడే క్రమం మారి ఆ ఆఖరి అంకె కదలొచ్చు.